లోతు చెప్పని తాడు

అది శుక్రవారం, పొద్దున పదింబావు. బడిలో రెండో గంట అప్పుడే కొట్టారు కాబట్టి వేళ విషయంలో నాకు అనుమానం లేదు. నిన్న మా వీధిలో గోడ కడుతున్న మేస్త్రి, జాజులో ముంచిన తాడును లాగిపట్టి, రాయి మీద గీత పడేలా వదిలాడు. టప్పుమన్న ఆ చప్పుడూ, తడి ఎర్రమట్టి వాసనా కలిసి నన్ను మళ్లీ ఆ శుక్రవారంలో నిలబెట్టాయి. ఆ రోజు నలుగురిలో నా పరువు పోయింది. పోయినదాన్ని తిరిగి నాకు ఇప్పించినవాడు నరహరి సారు. ఆయన్ని చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆయన కొల్లాపూర్ వైపు మనిషి. అరవయ్యో దశకం మొదట్లో, నార్కట్‌పల్లికి ఇవతల ఉన్న మా ఊరి బడికి సైన్సు చెప్పడానికి వచ్చాడు. పాఠానికి కావలసిన సామాను బడిలో ఏదీ లేదు. ఆయన సంచిలో మాత్రం ఎప్పుడూ ఒక తాడు ఉండేది. దానికి రాయి కట్టి ఊపి, ఊపుకు ఎంతసేపు పడుతుందో పిల్లలతో లెక్కపెట్టించేవాడు. కిటికీ చువ్వల మధ్య బిగించి మీటితే, బిగువు పెరిగినకొద్దీ దాని గొంతు సన్నబడేది. నేను రాళ్లు కొట్టేవాణ్ణి. ముప్పై దాటినా ఒక్క అక్షరం రాదు. బడికి మెట్లు చెక్కుతూ ఆ పాఠాలన్నీ బయట నుంచే విన్నాను.

ఒకరోజు ఆయన నా జాజుతాడు అడిగి తీసుకుని, నేల బండ మీద గీత కొట్టి, "గీతకు పొడవు ఒక్కటే ఉంటది. వెడల్పు ఉండదు" అన్నాడు పిల్లలతో.

నేను ఉండబట్టలేక గుమ్మం దగ్గర నుంచే అడిగాను: "వెడల్పు లేకుంటే ఉలి యాడ పెట్టాలె సార్? గీతకు ఇవతలనా, అవతలనా? గా తేడాకే మెట్టు జాగల కూసోదు."

పిల్లలు గొల్లుమన్నారు.

"నవ్వకుండ్రి" అన్నాడు సారు. "పుస్తకంల గీతకు వెడల్పు లేదు. ఎల్లయ్య గీతకు ఉన్నది. పుస్తకం గీతను నమ్ముకుంటే మనకు మెట్లు రావు."

చదువుకున్న మనిషి నా మాటను అట్లా నిలబెట్టడం అదే మొదలు. ఆ గౌరవం పోతుందన్న భయమే తర్వాత నా నోరు కట్టేసింది.

ఆ యేడు బడిలో నీళ్ల తొట్టి కావాలన్నారు. నీళ్ల బండి దూరపు బావి నుంచి పొద్దున ఒక్కసారే వచ్చేది. ఎండాకాలం మధ్యాహ్నానికి నీళ్లు అయిపోతే పిల్లలు ఇళ్లకు పోయేవారు, తిరిగి వచ్చేవారు కాదు. సారు నాకు పని ఇప్పించి, కొలతలు రాసిన చీటీ చేతిలో పెట్టాడు. చదువు రాదని చెప్పడానికి నోరు రాలేదు. "మాకు కాయితాలతోని పనిలేదు సార్, తాడుకు ముడులేసి ఇయ్యుండ్రి" అన్నాను గొప్పగా. ఆయన మూడు ముడులు వేసి ఇచ్చాడు. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది: తాడు కొస నుంచి అన్నిటికన్నా దూరపు ముడి పొడవు, నడిమిది వెడల్పు, దగ్గరిది లోతు. మెట్టయినా, గడపరాయి అయినా, గొడ్ల తొట్టి అయినా మేము చెక్కేవాటికి లోతే తక్కువ. ఇంకోలా ఉంటుందని మాకు తట్టదు. పదకొండు రోజులు కొట్టాను.

శుక్రవారం బండి మీంచి తొట్టిని దించాం. సారు దాని చుట్టూ తిరిగి, మూర పెట్టి కొలిచి, మళ్లీ కొలిచాడు. సర్పంచ్ రంగయ్య ఆగలేకపోయాడు.

"ఏమైంది సారూ?"

"అడ్డం కావాల్సింది లోతయింది. లోతు కావాల్సింది అడ్డమయింది. నీళ్లు అన్నే పడ్తయి గానీ, ఎండకు మూతి పెద్దగయింది. నీళ్లు జల్ది కాగి, ఆవిరై తగ్గుతయి."

"ఏందిర ఎల్లిగా, చీటీ ఇచ్చిండు గదా! తియ్యి. అందరు వింటరు, సదువు."

చీటీ తలపాగాలోనే ఉంది. తీశాను. అటూ ఇటూ తిప్పాను. బండి వెంట వచ్చిన నా భార్య లక్ష్మమ్మ నేల చూస్తోంది. "నాకు సదువు రాదు" అన్నాను.

"మరి గా బడాయి ఎందుకుర? నార్కట్‌పల్లి నుంచి వేరేటోళ్లను పిలిపిస్త" అన్నాడు రంగయ్య. ఆ మాట ఊళ్లోకి పోతే నాకిక సుత్తె పట్టే పని దొరకదు.

సారు నా చేతిలోని తాడు తీసుకుని నేల మీద పరిచాడు, తర్వాత నిలువుగా పట్టుకున్నాడు. "చూడుండ్రి సర్పంచ్ సాబ్. పండుకున్నా నిలవడ్డా తాడు గంతే. ఎంతో చెప్తది గానీ, ఎటో చెప్పదు. ఎటో నేను నోటితోని చెప్పాలె. చెప్పలే. సగం తప్పు నాది."

"ఇంకో తొట్టి ఎవరు చేస్తరు మరి?"

"ఎల్లయ్యే. చీటీ సదివి చేస్తడు. సదవకుంటె మీ ఇష్టం."

"గిది ఏం జెయ్యాలె?"

"మేకలకు పెట్టుండ్రి. వాటికి గిదే సరైన ఎత్తు."

బండి తోలే సైదులు పక్కున నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కళ్లు తుడుచుకుంటూనే.

మరునాటి నుంచి రోజూ బడి వదిలాక సారు కొత్త రాయి పక్కన కూర్చునేవాడు. రాయి మూడు మొఖాల మీద జాజుతో మూడు మాటలు రాసి దిద్దించాడు: పొడవు, వెడల్పు, లోతు. "రాయిని ఎటు తిప్పినా పేరు దాంతోనే తిరగాలె" అనేవాడు. అ ఆలకంటే ముందు నాకు వచ్చిన మాట లోతు. ఎనిమిదో రోజు సర్పంచ్ ముందు చీటీ చదివాను, కూడబలుక్కుంటూ. సన్నమూతి తొట్టి ఎండలు ముదరకముందే దిగింది. ఆ వేసవిలో సాయంత్రం గంట దాకా అడుగున నీళ్లు ఉండేవి.

తర్వాత మిగతా అక్షరాలు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను, మూడేళ్లు పట్టింది. ఇప్పటికీ ఎవరైనా కొలత చెబితే ఎటువైపో అడగందే వదలను, విసుక్కున్నా సరే. నాకు తెలియదు అని నలుగురిలో అనడానికి మళ్లీ ఎన్నడూ భయపడలేదు.

ఆ శుక్రవారం అక్కడ ఉన్నవాళ్లు: నరహరి సారు, సర్పంచ్ రంగయ్య, గంట కొట్టే జహంగీర్, బండి తోలిన సైదులు, నా భార్య లక్ష్మమ్మ, చీటీ తలకిందులుగా పట్టుకున్న నేను, ఎల్లయ్యను.