ఫోన్లో వినబడని తీగ

"గా గిటార్ అసల్ వినబడ్తనే లేదు. తీసేద్దాం. పాట సాఫ్ అయితది."

మా భజన మండలి వాట్సాప్ గ్రూపులో బావ పెట్టిన మాట ఇది. బావ అంటే మా ఆయనకు అన్న, మండలికి పెద్ద. ఆ మాట కింద వరసగా దండాలు, బొటనవేళ్ళు. ఒక్కరైనా "ఎందుకు" అని అడగలేదు. నేను చూసేసరికి పొయ్యి మీద పప్పు పొంగుతున్నది. పొంగనిచ్చాను.

నాకు కోపం తొందరగా రాదు. మా నాయిన నన్ను బడికి పంపలేదు. అక్షరాలు, లెక్కలు, పద్యాలు అన్నీ ఇంట్లోనే నేర్పాడు. వాటితోపాటు ఇంకొకటి నేర్పాడు. పొద్దుగూకి దీపం పెట్టినప్పుడు ఆ రోజు దేవుడు ఇచ్చినవి తలచుకుని, ఒక్కొక్కదానికీ దండం పెట్టాలి. నల్లా వచ్చింది, దండం. కూర మాడలేదు, దండం. ఇంత వయసొచ్చినా ఆ అలవాటు పోలేదు. ఆ రోజు మాత్రం దీపం ముందు కూర్చుంటే ఒక్కటీ గుర్తుకు రాలేదు. కళ్ళు మూస్తే బొటనవేళ్ళే.

మండలిలో నేను మొదట తాళాలు కొట్టేదాన్ని. ఒకసారి మా గుడికి పట్నం నుంచి భజన బృందం వచ్చింది. వాళ్ళలో ఒకాయన వెనక నిలబడి నాలుగు తీగల గిటార్ వాయించాడు. బేస్ గిటార్ అంటారని తర్వాత తెలిసింది. హార్మోనియం, తాళాలు, గొంతులు ఎక్కడివక్కడ ఎగురుతుంటే, ఆ తీగ కింద చాప పరిచినట్టు ఉన్నది. అందరూ దాని మీద కూర్చుని పాడుతున్నారు. ఆ చాప పరిచే పని నాకు కావాలనిపించింది.

కొనడానికి సికింద్రాబాద్ పోయాం, నేనూ మా ఆయనా. దుకాణదారు నన్ను దాటి మా ఆయనను చూశాడు.

"బాబుకా సార్?"

"నాకే," అన్నాను.

ఆయన మా ఆయన వంక చూశాడు. మా ఆయన పైన తిరుగుతున్న ఫ్యాన్ వంక చూశాడు. దుకాణదారు గులాబీ రంగు బుల్లి వాయిద్యం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "లేడీస్‌కైతే గిది మంచిగుంటదమ్మా, అల్కగ. దీనికి గూడ నాలుగే తీగలు."

"తట్టకు గూడ రెండు పిడులుంటయి. దాన్ల పప్పు వండుతరా?" అన్నాను.

అప్పుడు అసలు గిటార్లు బయటికి వచ్చాయి. మొదటిది పొడుగు. దాని చివరి మెట్టు అందుకోవాలంటే దండెం కొసన బట్ట ఆరేసినట్టు చెయ్యి చాచాలి. ఇంకొకటి మెడ కొంచెం పొట్టిది, పాత చింతపండు రంగుది. ఒళ్ళో పెట్టుకుంటే మాట విన్న పిల్లలా కుదిరింది. తీగలు కూడా అడిగి మార్పించాను. మామూలు తీగల మీద వేలు జరిపితే కీచుమంటుంది. పైన చదునైన రేకు చుట్టిన నున్నటి తీగలకు ఆ కీచు ఉండదు, శబ్దం గుండ్రంగా వస్తుంది. ఇదంతా ఫోన్లో వీడియోలు చూసి, రాసుకుని, నెలల తరబడి నేర్చుకున్నదే.

రికార్డింగుకు ఒక చిన్న డబ్బా కొన్నాను. ఒక పక్క గిటార్ వైరు, ఇంకో పక్క కంప్యూటర్ వైరు పెట్టాలి. తీగ సరిగ్గా మీటితే పచ్చ దీపం, గట్టిగా మీటితే ఎర్ర దీపం. మంట ఎక్కువైందని పొయ్యి ఎన్నడూ చెప్పదు, ఈ డబ్బా చెబుతుంది. చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్లు, గిటార్ శబ్దం పెంచే, అన్నం కుక్కరంత ఆంప్ ఒకటి. అవి ఇంటికొచ్చిన రోజు వాటికి బొట్టు పెట్టాను. మీటల సందుల్లోకి కుంకుమ పోకుండా, వెనక వైపు.

మా ఇల్లు మేడ్చల్‌లో రైల్వే స్టేషన్‌కు దగ్గర. రైలుకూ రైలుకూ మధ్య వాయించాలి. ఆంప్ పెట్టుకుని సాధన చేస్తుంటే మూడో తీగ మీద ఒక స్వరం దగ్గర ఏదో జిర్రుమనేది. గిటార్ చెడిపోయిందేమోనని పరేషాన్ అయ్యాను. చూస్తే దేవుని గూట్లో ఇత్తడి గంట. ఆ స్వరం వచ్చినప్పుడల్లా అది కూడా వణుకుతున్నది. అప్పటి నుంచి సాధన ముందు "జరసేపు స్వామీ" అని గంటను బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని.

ఇంత చేసి, మండలి వాళ్ళు కట్టుకున్న పాటకు నా బేస్ ఇంట్లోనే రికార్డు చేసి పంపాను. గొంతులు, తాళాలు దూలపల్లి దగ్గర ఒక స్టూడియోలో తీశారు. స్టూడియో ఆయన అన్నీ కలిపి గ్రూపులో పెట్టాడు. బావ ఫోన్లో విన్నాడు. తీసేద్దామన్నాడు.

స్టూడియో ఆయనకు ఫోన్ చేశాను. "నాకైతే మస్తుగ వినబడ్తాందక్కా. కని పెద్దసారు తీయమంటె తీసుడే గద. రేపు పొద్దుగూకే దాంక ఆగుత."

ఇక్కడ బావ సంగతి ఒకటి చెప్పాలి. ఆయనకు తెల్లటి పెద్ద కారున్నది. డిక్కీ నిండా వూఫర్ అనే స్పీకర్ డబ్బా. బౌరంపేట్‌లో ప్లాట్లు చూపించడానికి జనాన్ని ఎక్కించుకుని పోతుంటే మా గల్లీ కిటికీలు అదురుతాయి. "బేస్ జూడు తమ్మీ, గుండెకు తాకాలె," అంటాడు. కానీ ఆ కారులో భజన పాట ఎన్నడూ పెట్టడు. కారులో కాళ్ళకు బూట్లుంటాయి, దేవుని పాట చెప్పులేసుకుని వినకూడదు. అందుకని ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. అది తప్పనను. నేనూ అలాగే వింటాను. కానీ అలా వినే నా బేస్‌ను లేదన్నాడు.

మరునాడు ఆదివారం. బావ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మా ఇళ్ళలో మరదలు బావతో ముఖాముఖి మాట్లాడదు. మధ్యలో ఒకరుండాలి. నేను వంటింటి గడప లోపల, బావ బయట పీట మీద, మధ్యలో మా ఆయన.

"చెప్పుండ్రి మీ అన్నకు. ఇనకుంట తీసేస్తె ఎట్ల అని అడుగుండ్రి."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అన్నా, జర ఇంకోపారి ఇంటె మంచిగుంటదంటాంది."

"ఇన్న తమ్మీ. చెవి కాడ వెట్టుకోని ఇన్న. ఏం లేదు, ఉత్తదే."

"ఫోన్ స్పీకర్ మినపగింజంత ఉంటది. దాన్ల బేస్ ఎట్లొస్తది? శామీర్‌పేట చెర్వును చెంచాల వోస్తె వడ్తదా, అడుగుండ్రి."

"ఫోన్ చిన్నగున్నదంటాంది అన్నా."

"చిన్నదా! మొన్ననే కొన్న, గింత పెద్దది!"

నేను గరిటె గిన్నెలో వేశాను. కావాలనే గట్టిగా. మా అత్తమ్మ గోడకానుకుని కూర్చుని, "పెద్దదో చిన్నదో, బువ్వ సల్లవడ్తాంది, తినుండ్రి," అన్నది.

బావ ముద్ద కలుపుతూ, నాకు వినబడాలనే అన్నాడు. "తమ్మీ, చెప్పు నీ పెండ్లానికి. తాళాలు గొట్టినప్పుడే మంచిగుండె. నలుగురికి వినబడ్తుండె. గీ వయసుల గిటారేంది, గా వైర్లేంది, డబ్బాలేంది."

మా ఆయన నా వైపు తిరిగాడు, ఏం మార్చి చెప్పాలో తెలియక. మార్చేది ఏమీ లేదు. నాకు వినబడింది.

గడప దాటాను.

"బావా, కారు చావి ఇయ్యుండ్రి."

పెళ్ళయ్యాక ఆయనతో నేను సూటిగా అన్న మొదటి మాట అది. అత్తమ్మ చెయ్యి గాల్లో ఆగింది.

"కారెందుకు?" అన్నాడు బావ. అదీ నాతో కాదు, తమ్ముడితో.

"పాట కార్ల విందాం. చెప్పులు బయటనే ఇడిసి కూసుందాం. ఇన్నంక గూడ తీసెయ్యిమంటె తీసేయిండ్రి, నేను మల్ల మాట్లాడ."

దేవుని పాట, చెప్పులు విడిచి అంటే ఆయన కాదనలేడు. చెయ్యి కడుక్కుని లేచాడు. గల్లీలో కారు చుట్టూ నాలుగు జతల చెప్పులు, గుడి ముందరలా. అత్తమ్మ ముందు సీట్లో, మేమిద్దరం వెనక. నా ఫోన్ కారుకు కలిపాను. నా వేళ్ళకు ఇంకా పప్పు వాసన.

హార్మోనియం వచ్చింది. తాళాలు వచ్చాయి. పల్లవి రెండోసారి ఎత్తుకునేటప్పుడు నా తీగ దిగింది. అద్దానికి కట్టిన నిమ్మకాయ మిరపకాయలు ఊగాయి. సీటు వీపుకు తగిలింది. బావ చెయ్యి స్టీరింగ్ మీద ఆగిపోయింది.

"గిదేనా?" అన్నాడు.

"గదే," అన్నాను.

"ఎవలో ఇంట్ల మెల్లగ తిరుగుతున్నట్టున్నది," అన్నది అత్తమ్మ.

పాట అయిపోయింది. బావ స్టూడియో ఆయనకు ఫోన్ చేశాడు. "గిటార్ తీయకు. ఇంక డబల్ పెంచు." ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాడు. నా వైపు కాదు. "జూసినవా తమ్మీ? నా కారు సౌండే గట్లుంటది. వూఫర్ పెట్టిచ్చిన నాడు నవ్వితివి గద."

దిగాడు. మేమూ దిగాం. బూట్లు వేసుకుని మళ్ళీ కారెక్కాడు. పోయాడు.

గెలిచాననుకున్నారా? ఎర్ర దీపం వెలిగినట్టు ఒళ్ళంతా మండింది. నిన్న లేదన్నది నా బేస్, ఇవాళ ఉన్నది ఆయన వూఫర్. పైగా డబల్ పెంచాలట. చాపను తలకు చుట్టుకుంటారా ఎవరైనా?

నేనే స్టూడియోకు ఫోన్ చేశాను. "పెంచుడొద్దు. నేను పంపినకాడనే ఉంచు."

"పెద్దసారు డబల్ అన్నడక్కా. ఎవల మాట ఇనాలె నేను?"

"బేస్ వాయించింది ఎవలు?"

"మీరే అక్కా. సరే, ఉన్నకాడనే ఉంచుత."

పొద్దుగూకింది. బియ్యం డబ్బాలోంచి గంట తీసి గూట్లో పెట్టి, దీపం ముట్టించాను. పొట్టి మెడ గిటార్‌కు దండం. నున్నటి తీగలకు దండం. పచ్చ దీపం డబ్బాకు, అత్తమ్మ చెవులకు, ఫ్యాన్ వంక చూసినా వెంట వచ్చిన మా ఆయనకు దండం. వూఫర్‌కు కూడా పెట్టాను, దాని తప్పేమున్నది. బావ దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి. ఇంకాసేపు కూర్చున్నాను. వత్తి ఎగదోసి లేచాను.

రేపు చూద్దాం.