న్యూట్రల్‌లో ఉందా లేదా

మా ఆయన నా కారుని మెచ్చుకున్న రోజే నాకు అనుమానం వచ్చింది.

అంతకుముందు రెండేళ్ళుగా దాన్ని అమ్మేద్దామని ఒకటే నస. "ఫ్రిస్కోలో గేర్ల కారు ఎవరు నడుపుతున్నారే? నాకా రాదు. రేపు నీకు జ్వరమొస్తే దాన్ని గ్యారేజీలోంచి బయటికి తీసేదెవరు?" అనేవారు. ఆయన డ్రైవింగ్ నేర్చుకున్నది అమెరికా వచ్చాక, ఈ టెక్సస్‌లో, ఆటోమేటిక్ మీద. నేనేమో గుంటూరులో నేర్చుకున్నాను. నాది భార్యలకిచ్చే హెచ్-ఫోర్ వీసా, అప్పట్లో దానిమీద ఉద్యోగం చేసే వీల్లేదు. ఇల్లు ఆయన పేరు, ఫోన్లు ఆయన పేరు, కరెంటు బిల్లు ఆయన పేరు. ఈ దేశంలో నా పేరు మీదున్న కాగితం ఆ కారు టైటిల్ ఒక్కటే. అది లేకపోతే పాలు కావాలన్నా ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ పట్టుకుని కూర్చోవాలి. అందుకే చచ్చినా అమ్మనన్నాను.

అలాంటి మనిషి, ఎదురింట్లో ఉండే రిటైరైన తెల్లాయన దగ్గర వంటిల్లూ పడకా అన్నీ ఉండే పాత మోటర్‌హోమ్ కొన్న వారానికి, "నీ కారు బంగారమే" అన్నారు. సంగతేమిటంటే, బస్సంత మోటర్‌హోమ్‌ని క్యాంపులో పెట్టాక, కూరగాయలకో కొండ చూడ్డానికో దాన్ని మళ్ళీ కదపలేం. వెనకాల చిన్న కారొకటి లాక్కెళ్ళాలి. ఆయన ఆటోమేటిక్ కారుని నాలుగు చక్రాలూ నేలమీద ఉండగా లాగితే గేర్‌బాక్స్ మాడిపోతుందట. గేర్ల కారైతే న్యూట్రల్‌లో పెట్టి ఎంతదూరమైనా లాగొచ్చట. "ఆహా, ఇన్నాళ్ళకి పనికొచ్చిందన్నమాట" అన్నాను. లోపల మాత్రం వేరే ఆలోచన. అమ్మమంటే నేను అమ్మలేదు కాబట్టి, దారిలో పాడుచేసి వదిలించుకుందామని కాదు కదా? నవ్వకండి. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి మా ఇంట్లో మూడుపూటలా వడ్డించేదాన్ని నేనే.

ఎదురింటి పెద్దాయన వచ్చి దగ్గరుండి అన్నీ నేర్పాడు. కారు ముందు ఇనప కడ్డీ తగిలించడం, గొలుసులు, లైట్ల వైరు, స్టీరింగ్ బిగుసుకోకుండా తాళంచెవి ఒక్క మెట్టు తిప్పి వదలడం, హ్యాండ్‌బ్రేక్ దించడం, గేరు న్యూట్రల్‌లో ఉంచడం. మా ఆయన అదంతా చిన్న కాగితం మీద రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. నేను చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఈయన నా కారు గేరు పట్టుకుని ఊపుతుంటే నా ప్రాణం ఉసూరుమంది.

పొద్దున్నే న్యూమెక్సికో కొండలకి బయల్దేరాం. పావుగంటకోసారి అడిగాను.

"న్యూట్రల్‌లో ఉందా?"

"ఉంది."

"చూశారా?"

"చూశానే బాబూ."

"ఎప్పుడు?"

అయిదోసారికి రేడియో సౌండు పెంచారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాను.

విచిటా ఫాల్స్ ఊరు దాటాక గ్యాస్ కోసం, అదే పెట్రోలు కోసం, ఆగాం. ఆయన పంపు దగ్గర ఉండగా నేను వెనక్కి వెళ్ళి నా కారులో కూర్చున్నాను. హ్యాండ్‌బ్రేక్ దించే ఉంది. తాళంచెవి ఉండాల్సిన చోటే ఉంది. గేరు ఊపి చూస్తే వదులుగా ఊగింది, న్యూట్రలే. నిజం చెప్పొద్దూ, తప్పు దొరకనందుకు కాస్త నిరాశ కూడా అనిపించింది. దిగి, తలుపేసి, వచ్చి నా సీట్లో కూర్చున్నాను.

ఇరవై నిమిషాలైనా కాలేదు, పక్కనుంచి ఒక ట్రక్కువాడు హారన్ కొడుతూ మా వెనక్కి చెయ్యి చూపించాడు. ఆపి దిగేసరికి నా కారు ముందునుంచి పొగలు, కింద నల్లగా నూనె. ఆ మాడువాసనకి నాకు దగ్గొచ్చింది.

టో ట్రక్కుతో వచ్చిన మెకానిక్ తలుపు తీసి, గేరు మీద చెయ్యేసి, మా ఇద్దరి వంకా చూశాడు. ఫస్ట్ గేర్‌లో ఉందన్నాడు. మోటర్‌హోమ్ హైవే మీద ఆ వేగంతో పోతుంటే, చక్రాలు ఇంజన్‌ని తిప్పి తిప్పి చంపేశాయట. బాగుచేయించడం దండగ, ఇంకో కారు చూసుకోండి అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మెకానిక్ ముందే తెలుగులో అందుకున్నాను. "అనుకున్నంతా చేశారుగా. రెండేళ్ళుగా దాని చావే కోరుకున్నారు. ఇప్పుడు మనసు చల్లబడిందా?"

మా ఆయన కాగితం తీసి చూసుకుని, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నారు. అది చూసి నేనింకా రెచ్చిపోయాను. "క్లచ్ తొక్కడమే రానప్పుడు మీరు గేరు జోలికి ఎందుకెళ్ళాలి?"

నోట్లోంచి వచ్చాక గానీ ఆ మాట నాకు వినబడలేదు. క్లచ్ తొక్కడం రాని మనిషి ఫస్ట్ గేరు ఎలా వేస్తాడు?

గుంటూరులో నాకు డ్రైవింగ్ నేర్పిన మేస్టారు ఒకటే నూరిపోశారు: "బండి దిగేముందు ఫస్ట్ గేరెయ్యమ్మా. హ్యాండ్‌బ్రేక్‌ని నమ్మొద్దు." అప్పట్నుంచీ, దిగేముందు కాలు క్లచ్ మీదకి, చెయ్యి గేరు మీదకి వాటంతటవే పోతాయి. గ్యాస్ స్టేషన్‌లోనూ పోయే ఉంటాయి. వేసినట్టు నాకు గుర్తులేదు. కానీ నా చెయ్యి సంగతి నాకు తెలీదా? ఆయన్ని పట్టుకుందామని వెళ్ళి, నా కారుని నేనే చంపుకున్నాను.

ట్రక్కు మీద కారు వెళ్ళిపోయాక, మోటర్‌హోమ్‌లో కూర్చుని, ఆయన మొహం చూడకుండా చెప్పాను. "నేనే వేసుంటానండీ. ఇందాక, గ్యాస్ దగ్గర."

"తెలుసు" అన్నారు. "పంపు దగ్గర్నుంచి చూశాను. నువ్వు గేరు మార్చడం కారు అద్దంలోంచి కనపడింది."

"చూసి కూడా ఊరుకున్నారా? మీ కాగితంలో న్యూట్రల్ అని లేదూ?"

"ఉంది" అన్నారాయన, బండి స్టార్ట్ చేస్తూ. "కానీ వేసింది నువ్వు కదా, అదే కరెక్టేమో అనుకున్నాను."