మా మేనల్లుడి కారుకు నీరసం

మార్చి నెల, రెండో ఆదివారం. గద్వాలలో మా అక్క ఇంటి వాకిలి. హాజరైనవారు: నేను, మా అక్క, ఆమె కొడుకు, వనపర్తి నుంచి బైకు మీద వచ్చిన మెకానిక్ భాయ్. మధ్యలో, మూత తెరిచి పెట్టిన ఎర్ర కారు.

మా మేనల్లుడిది చీరల వ్యాపారం. మగ్గాల నుంచి దిగిన చీరలను వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు వేసి వస్తుంటాడు. పట్టుచీరలు అంత తొందరగా ఎక్కడికి పోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. సరుకంతా పట్టే పాత బండిని అమ్మేసి, పందేలకు పనికొచ్చే ఈ టర్బో కారును కొన్నాడు. డిక్కీలో సగం చీరలే పడతాయి. అందుకని రెండుసార్లు తిరుగుతాడు, రెండుసార్లూ వేగంగా తిరుగుతాడు.

వాడు ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే ఎక్కి ఉంటాడనుకున్న క్షణం నుంచి మా అక్కకు ముద్ద దిగదు. వాడు తిరిగొచ్చి చెప్పులు విడిచేదాకా గడప దగ్గరే కూర్చుంటుంది. బావ పోయాక ఆమెకు మిగిలింది వాడొక్కడే. "జర మెల్లగ పో బిడ్డా" అంటే, "దీని బ్రేకులు గూడ మస్తుంటయమ్మా" అని ధైర్యం చెప్పేవాడు. ఆ ధైర్యంతో ఆమెకు రాత్రి భోజనం కూడా పోయేది.

శివరాత్రి దాటాక కారుకు జబ్బు చేసింది. ఊళ్ళో మామూలుగానే నడిచేది. హైవే మీద గట్టిగా తొక్కితే మాత్రం ఒక్క ఊపు ఊపి, వెంటనే నీరసపడి, మీటరు మీద పసుపు దీపం వెలిగించేది. ఆ తర్వాత ఎంత తొక్కినా ఎద్దుబండే. పక్కకు ఆపి, ఇంజను బందు చేసి మళ్ళీ స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు బాగైపోయేది. పెబ్బేరు దగ్గర ఒక షేర్ ఆటో తనను దాటిపోయిందని, అందులోవాళ్ళు చేతులు ఊపారని మేనల్లుడు చెప్పినప్పుడు వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. లైనులో దోషం దొరక్కపోతే లైనును ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కనూ పరీక్షించడం మా పద్ధతి. కారునూ అలాగే పరీక్షించాను. ఏసీ వేసి చూశాం, తీసి చూశాం. నన్ను ఎక్కించి చూశాం, దించి చూశాం. గద్వాల పెట్రోలు, పెబ్బేరు పెట్రోలు పోయించి చూశాం. అంతా డైరీలోకి ఎక్కించి, పెట్రోలులో కల్తీ ఉందని తేల్చాను. పద్ధతి ప్రకారం వెతికితే తప్పు జవాబు కూడా ఎంత నమ్మకంగా వస్తుందో అప్పుడు తెలిసింది.

ఆదివారం నాడు మెకానిక్ తన చిన్న కంప్యూటరును కారుకు తగిలించి చదివాడు.

"పెద్దసార్, దీనికి తాకత్ తక్కువైత లేదు. ఎక్కువైతుంది" అన్నాడు.

"ఎక్కువైతే గింత నీరసమెందుకు భాయ్?" అన్నాడు మేనల్లుడు.

"టర్బో గాలిని లోపలికి దబాయించి తోస్తది. హద్దు దాటనియ్యకుండ ఒక చిన్న తలుపు ఉంటది, పొగను పక్కకు ఇడుస్తది. ఆ తలుపు తెర్సుకుంట లేదు. గాలి హద్దు దాటంగనే కంప్యూటర్ పరేషానై ఇంజన్ గొంతు పట్టుకుంటుంది."

లోడు ఎక్కువైతే బ్రేకరు పడిపోవడం నాకు తెలిసిన సంగతే. నా పెట్రోలు సిద్ధాంతం గురించి ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. టర్బో విప్పి హైదరాబాదు పంపాలేమో, కారు నెలంతా షెడ్డులో ఉండొచ్చన్నాడు మెకానిక్. మేనల్లుడి ముఖం వాడిపోయింది. చాయ్ తెచ్చిన అక్క ముఖం మాత్రం వెలిగింది.

ఆఖరిసారి చూద్దామని మెకానిక్ ఇంజను మీది ప్లాస్టిక్ మూత ఊడదీయబోయాడు.

"ఆ మూత కింద చెయ్యి పెట్టకు నాయనా" అంది అక్క.

"ఎందుకమ్మా?"

"దిష్టిది కట్టిన. పటికముక్క."

మేనల్లుడు తల పట్టుకున్నాడు. కారు ముందు ఆమె కట్టిన నిమ్మకాయలను, షోకు పోతుందని శివరాత్రి నాడు వీడే తెంపేశాడు. ఆమె ఊరుకోలేదు. వీడు కారు కడుగుతూ నీళ్ళకని లోపలికి పోయినప్పుడు, తెరిచి ఉన్న బానెట్‌లో, ప్లాస్టిక్ మూత అంచు కింద, ఎవరికీ కనబడని చోట, పటికను నల్లదారంతో కట్టింది. మెకానిక్ టార్చి వేశాడు. పెన్సిలంత లావు రబ్బరు గొట్టం, దాని నడుమున నాలుగు చుట్లు, చుట్ల మీద ముడి. గాలి హద్దుకు వచ్చిందని ఆ తలుపుకు కబురు మోసే గొట్టం అదే. నడుము నలిగి కబురు ఆగిపోయింది.

మా అక్క నలభై ఏళ్ళు మగ్గం ముందు కూర్చున్న మనిషి. తెగిన పోగులను కలిపి ముడివేస్తే నేతలో ముడి కనబడదు, చీర చినిగినా ముడి జారదు. దిష్టిదారాన్నీ అదే చేత్తో బిగించింది.

"ఇంకేదానికన్న కట్టరాదామ్మా!" అన్నాడు మేనల్లుడు.

"గదొక్కటే మెత్తగ ఉండె, కాలకుండ. కట్టినకాడి నుంచి నువ్వు మెల్లగ వస్తలేవా? పని చేసిందా లేదా?"



మెకానిక్ కత్తెర తీశాడు. "కొయ్యొద్దు. దీపాలు పెట్టే యాళ్ల విప్పొద్దు. పొద్దుగాల నేనే ఇప్పుత" అంది అక్క. అంతదాకా వచ్చినందుకు చాయ్ తాగి, రేపు వనపర్తి షెడ్డుకు తెచ్చి మళ్ళీ కంప్యూటరుకు చూపించమని చెప్పి అతను వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున అక్క స్నానం చేసి వచ్చి, గోళ్ళతోనే ముడి విప్పింది. గొట్టం మళ్ళీ గుండ్రంగా లేచింది. తర్వాత ఆమె ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వెక్కడికమ్మా?"

"వనపర్తికి. నువ్వు రోజు ఎట్ల పోతవో గట్లనే పో. చూస్త."

నేను వెనక కూర్చున్నాను. వాడు ఎర్రవల్లి దాకా పెళ్ళికూతురును తీసుకుపోతున్నట్టు నడిపాడు. హైవే ఎక్కాక ఆమే అంది: "ఊఁ, తొక్కు."

తొక్కాడు. కారు ఎగిరి దూకినట్టు ముందుకు పోయింది. నా వీపు సీటుకు అంటుకుంది. పసుపు దీపం వెలగలేదు. మా అక్క అరవలేదు. కళ్ళు మూసుకుని వాడి చొక్కా చేతిని గుప్పిట్లో పట్టుకుంది. వాడు ఒక్కసారి అటు చూసి, కాలు తీసేశాడు. వనపర్తిలో మెకానిక్ షెడ్డు ముందు ఆపితే దిగాం.

"పవర్ వచ్చిందా?" అని అడిగాడు మెకానిక్.

"వచ్చింది భాయ్" అన్నాడు మేనల్లుడు, నేల చూస్తూ.

అక్క కుచ్చిళ్ళు సర్దుకుంది. "నేను బస్సుల వస్త. మీరు పోండ్రి."

"మెల్లగ తోల్తనమ్మా. ఎక్కు."

ఆమె కాసేపు వాడి ముఖం చూసి ఎక్కింది. దారిలో గద్వాల బస్సు హారను కొట్టి మమ్మల్ని దాటిపోయింది. వాడు దానికి దారి ఇచ్చాడు.