వెనక తలుపు

అప్పట్లో నేను భూగర్భ రైల్వే స్టేషన్లలో నిప్పంటుకుంటే పొగను బయటికి లాగే ఫ్యాన్లు డిజైన్ చేసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం విశాఖ పాసింజర్లో ఒళ్లో డ్రాయింగుతో కునికిపాట్లు పడుతున్నాను. నౌపడలో ఎక్కి ఎదురుగా కూర్చున్న ఒక నడివయసు ఆవిడ, "ఏటి బాబూ అది?" అని అడిగింది. జీడిపిక్కలు ఒలిచి ఆవిడ వేళ్లు నల్లబడి ఉన్నాయి.

మంట పుడితే సగం మంది రోజూ దిగే మెట్లవైపు, సగం మంది చివరనున్న అత్యవసర ద్వారం వైపు వెళ్తారని, వాళ్లు బయటపడేదాకా ఫ్యాన్లు పొగను ఆపాలని చెప్పాను.

ఆవిడ డ్రాయింగులో ఆ చివరి ద్వారం మీద వేలు పెట్టింది.

"మా జీడిపిక్కల షెడ్డు కాలినప్పుడు ఎనక తలుపు తీసే ఉన్నాది బాబూ. ఒక్కరూ అటెల్లలేదు. రోజూ వచ్చిన గుమ్మం ఏపే పరిగెత్తాం. మా సెల్లి నా సెయ్యి పట్టుకునే ఉన్నాది. తోపులాటలో వదిలీసింది."

"వెనక తలుపుందని తెలీదా?"

"ఎందుకు తెల్దు? పొగలో గుర్తుకి రాలేదు."

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఆవిడ దిగిపోయింది. జనమంతా ఒకే మెట్లకు వస్తారనుకుని నేను లెక్క మళ్లీ మొదటినుంచి కట్టాను. అందరూ బయటపడటానికి ఎక్కువసేపు పడుతుంది కనక ఫ్యాన్లు పెద్దవయ్యాయి. మా పై ఇంజనీరు విసుగ్గా, "ఇలాగని ఎవరు చెప్పారయ్యా?" అన్నాడు.

ఆవిడ పేరు నేను అడగనే లేదు.