పత్తి లారీ వెనక గాలి

ఆ రోజు మా అక్క ఆదోనిలో రైలెక్కి నర్సు ట్రైనింగుకు పోవాలి. ఏడు గంటల బస్సుకు ఆమెను ఎమ్మిగనూరులో ఎక్కించి ఇంటికొచ్చి చూస్తే, ఆమె బడి సర్టిఫికెట్టు మగ్గం పక్కనే ఉంది. అది చూపించకపోతే అక్కడ చేర్చుకోరు. రైలు పదకొండుకు. మళ్లీ బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. ఇంట్లో సైకిలు తొక్కడం వచ్చింది, బడి మానేసి ఉన్న నాకొక్కడికే.

గంటకు రెండణాల బాడుగతో సైకిలు తీసుకుని ఎనిమిదికి బయలుదేరాను. "ఆసాడం గాలి ఎదురు కొడతాది, పైలం నాయనా" అన్నాడు అంగడాయన. నిజమే. కోటేకల్లు చేరి, హోటల్లో నీళ్లు తాగుతూ గడియారం చూస్తే తొమ్మిది. నాలుగు మైళ్లకే గంట పట్టింది, ఇంకా పద్నాలుగు మైళ్లుంది. ఏడుపొచ్చింది.

అక్కడ పత్తి కుక్కిన బోరేలు, పెద్ద పెద్ద గోతాలు, ఎత్తిన లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవరు టీ తాగుతూ అడిగాడు.

"యాడికప్పా ఈ గాల్లో?"

"ఆదోనికి."

"మేమూ ఆడికే పోతాండాము."

నన్నూ ఎక్కించుకోమని అడుగుదామనుకున్నాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. నిండు బరువుతో లారీ సైకిలంత మెల్లగా కదిలింది. వెనకే తొక్కాను.

లారీకి దగ్గరగా పోగానే గాలి ఆగిపోయింది. బోరేల్లోంచి రాలిన దూది నా మొహాన పడాల్సింది పోయి, సుడి తిరిగి మళ్లీ లారీకే అతుక్కుంటోంది. నన్నూ ఎవరో లాక్కుపోతున్నట్టు పెడలు తేలికైంది. కొంచెం వెనకబడితే మాత్రం దుమ్ము, సుడిగాలి. ముందు చక్రం తాగినవాడిలా ఊగింది. అక్కడికంటే ఉత్త ఎదురుగాలే నయం.

మొదటి మలుపులో లారీ తిరగ్గానే పక్కగాలి ఒక్కసారిగా కొట్టింది. చక్రం కంకరలోకి జారింది. కాలు ఆనించి నిలదొక్కుకునేసరికి లారీ దూరమైంది. ఒళ్లంతా దూది అంటించుకుంటూ ఆ సుడిలోంచే తొక్కి మళ్లీ దాన్ని అందుకోవడానికి ప్రాణం పోయింది. ఆ తర్వాత దూదినే చూస్తూ పోయాను. అది పక్కకు కొట్టుకుపోతోందంటే గాలి మళ్లుతోందని అర్థం. వెంటనే వేగం కాస్త తగ్గించి, హ్యాండిలు గట్టిగా పట్టుకునేవాణ్ని. మళ్లీ జారలేదు.

ఆదోని సుంకం గేటు దగ్గర లారీ ఆగింది. దిగిన డ్రైవరు నన్ను చూసి నోరు తెరిచాడు.

"ఓర్నీ! కోటేకల్లు నుంచీ నా ఎనకాలే వస్తివా? ఒక్క మాట అడిగింటే సైకిలు పైన యేసుకుంటాంటి కదప్పా!"

"అన్నా, ఈ పిల్లోనికి సైకిలుతో పాటు నోరు కూడా బాడుగకు ఇప్పియ్యల్ల" అన్నాడు క్లీనరు.

స్టేషనుకు పోయేసరికి రైలు వచ్చి నిలబడి ఉంది. ఒళ్లంతా దూదితో ఉన్న నన్ను అక్క మొదట గుర్తుపట్టలేదు. "యా బోరెంలో నుంచి దూకినావురా?" అంటూనే సర్టిఫికెట్టు గుండెకు అదుముకుంది. లారీ సంగతంతా గబగబా చెప్పేశాను. నేను అంతసేపు మాట్లాడటం అక్కకూ కొత్తే.

"అయితే మనింట్లో ముందు పొయ్యేది నేను. నా ఎనకాలే నువ్వు రావల్ల. మళ్లా బడికి పోతావా?"

"పోతా" అన్నాను. రైలు కదిలింది.

తిరుగుదారిలో అదే గాలి వీపున తోసింది. గంటన్నరకే ఊరు చేరాను. ముందుపోయేవాళ్లు గాలిని కొంత ఆపుతారు. మలుపు దగ్గర మాత్రం మన హ్యాండిలు మనమే పట్టుకోవాలి. మరుసటి సోమవారం బడిలో పేరు రాయించుకునేటప్పుడు ఇదే అనుకున్నాను.

ఆషాఢంలో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి సైకిలు మీద పోయేవాళ్లు గాలి లేవకముందే, తెల్లారేసరికి బయలుదేరండి. ఆలస్యమై దారిలో లారీ కనబడితే నాలాగా వెనక దూరకండి, అది టక్కున ఆగితే తలకాయ మిగలదు. చెయ్యెత్తి, నోరు తెరిచి అడగండి.