చింతగింజల ప్రోగ్రామ్

తమిళనాడు ధర్మపురిలో మా వీధి మొదట్లో కొత్త చింతపండు మూటలు దించితే ఆ పులుపు వాసనకు అందరికీ నోట్లో నీళ్ళూరుతాయి, నాకు మాత్రం కడుపు మండుతుంది; డాక్టరు దాన్ని గ్యాస్ అంటాడు, నేను సుధక్క అంటాను.

సుధక్క మా పెద్దమ్మ కూతురు. ఉగాది సెలవులకు అందరం పాపిరెడ్డిపట్టిలో అవ్వ ఇంట్లో చేరేవాళ్ళం. వసారాలో చింతకాయలు కొట్టే చప్పుడు, వంటింట్లోంచి ఓబట్ల నెయ్యి వాసన, పులుపంటిన వేళ్ళతోనే బెల్లం దొంగిలించే మేము, గోనెపట్టాల మీద గింజలు ఆరబోస్తూ మమ్మల్ని తిట్టే అవ్వ. మగపిల్లవాణ్ణని నన్ను కంప్యూటర్ క్లాసులో చేర్చినారు, అక్కను చేర్చలేదు. ఆమె నా నోట్‌బుక్ చదువుకుని, కంప్యూటర్ లేదు కాబట్టి వామనగుంటల చెక్కనే కంప్యూటర్ చేసుకుంది: గుంటకొక అంకె, అంకెకు తగినన్ని గింజలు.

పండగ పూట భోజనాలయ్యాక మామ నన్ను నిలబెట్టినాడు. అంకెలను వరసలో పేర్చే ప్రోగ్రామును చుక్కలతో సహా అప్పజెప్పినాను.

"ఆ మూడో లైను ఎందుకురా?" అంది అక్క.

"సార్ రాయమన్నాడు."

"లేకపోతే ఏమైతుంది?"

"మార్కులు పోతాయి."

అందరూ నవ్వినారు. నేను జోకు వెయ్యలేదు. అక్క చెక్క ముందు కూర్చుని, "రెండు గుంటల్లోవి అటూఇటూ మార్చాలంటే ఒకదాన్ని ముందు ఖాళీ గుంటలోకి తియ్యాల. లేకుంటే కలిసిపోతాయి. ఆ లైను అదే" అని గింజలు మార్చి చూపించింది.

"క్లాసుకు పంపాల్సిన పిల్లను వదిలి వీణ్ణి పంపినామే!" అన్నాడు మామ.

మర్నాడు నా నోట్‌బుక్ కనబడలేదు. రాగుల గుమ్మిలోకి దానంతటదే నడిచిపోయిందని నేటికీ నా వాదన. అక్క ఏడవలేదు, పెదనాన్న పాత ఫోనులో చూసి మిగతాది నేర్చుకుంది. నేను నాలుగేళ్ళు కాలేజీలో అదే చదివినాను. ఇప్పుడు బెంగళూరులో ఆమె చెబితే పదిమంది పనిచేస్తారు, నేను చెబితే నా కంప్యూటర్ కూడా చెయ్యాలా వద్దా అని ఆలోచిస్తుంది.

ఇప్పుడు మా ఇళ్ళలో చింతకాయలు కొట్టేవాళ్ళు లేరు. ఆ గుంటల చెక్క ఎవరింటికి చేరిందో అవ్వతోపాటే పోయిన సంగతి.

పోయిన నెల అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, డిగ్రీ లేదని ఆఫీసులో పైకి పోనియ్యరంట. ఇంటినుంచే చదువుతాండాను. థియరీ అర్థం కాలేదురా, నీ కాలేజీ నోట్సులు ఇస్తావా?"

జన్మలో మొదటిసారి ఆమెకు లేనిది నా దగ్గరుంది. "ఎతకాలక్కా" అన్నాను. అవి నా కళ్ళ ముందే, బీరువా మీద ఉన్నాయి. మూడు రోజులు గర్వంగా వెతికి, నాలుగో రోజు ఫోటోలు తీసి పంపించినాను.

గంటలో జవాబొచ్చింది: "శానా బాగున్నాయిరా. పన్నెండో పేజీలో మాత్రం తప్పుంది, దిద్దుకో."

పరీక్షలో ఆ పేజీ రాసినందుకే నాకు పూర్తి మార్కులు వచ్చినాయి.