గుప్పిట్లో గులకరాళ్లు

గోల్ఫు మైదానంలో మా బంతులు వెతికి తెచ్చే పెద్దాయనది గిరిసోల. బంతి వెళ్లిన దూరాన్ని అంగలతో కొలిచేవాడు. పది అంగలకో గులకరాయి గుప్పిట్లో వేసుకునేవాడు.

చవకగా దొరికిందని పెద్ద తలకాయ ఉన్న ‘డ్రైవరు’ అనే గోల్ఫు కర్ర కొన్నాను. రెండు వందల అంగలు కొడతానని కాగితం మీద లెక్కకట్టి మరీ బరంపురం మిత్రులను పిలిచాను. తొలి దెబ్బ కొలిచొచ్చి, “నూటరవై, బాబూ” అన్నాడాయన.

“ఏటి గురూ, తలకాయొక్కటే పెద్దదా?” అని ఒక మిత్రుడు నవ్వాడు.

“నీకు లెక్క రాదు. మళ్లీ కొలువు!” అని పెద్దాయన మీద అరిచాను.

ఎండలో మళ్లీ వెళ్లొచ్చాడు. “రెండొందలే బాబూ. ముందు నానే తప్పు సెప్పీసినాను.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన పక్కకు తిరిగి గుప్పిట విప్పి రాళ్లు పారబోశాడు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పదహారు. చప్పట్లు ఆగేదాకా నవ్వుతూనే ఉన్నాను.